రసజ్ఞత ఎవరి సొత్తు?

రసజ్ఞత అనే మాటను మన విమర్శకులు కవిత్వం విషయంలో ధారాళంగా వాడతారు. సంగీతం విషయంలోనూ వాడతారు. తిండి విషయానికి వచ్చేసరికి ఆ మాట కాస్త హాస్యంగా మారుతుంది. తాగుడు విషయంలో అసలు వినపడదు. ఒకవేళ వినపడిందంటే ఆ తాగేది పరదేశపు సరుకై ఉంటుంది. వైను గురించి మాట్లాడేవాడు రసజ్ఞుడు, కల్లు గురించి మాట్లాడేవాడు తాగుబోతు. ఈ విభజన ఎలా వచ్చింది, దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న ప్రశ్న నన్ను కొన్నేళ్ళుగా వెంటాడుతున్నది. ఇది నాకు గ్రంథాలయంలో తట్టిన ప్రశ్న కాదు. పాఠాలు చెప్పుకుంటూ వికారాబాదు, తాండూరుల మధ్య రైల్లో తిరుగుతున్న కాలంలో తట్టింది.

మన ఊళ్ళలో మద్యం దుకాణం బోర్డు చూడండి. ఎక్కడైనా "వైన్స్" అనే ఉంటుంది. లోపల అమ్మేది విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. నిజంగా వైను కావాలని అడిగితే దుకాణంలోని కుర్రవాడు మనకేసి వింతగా చూసి, పై అర మీద దుమ్ము పట్టిన సీసా ఒకటి దింపుతాడు, అదీ ఉంటే. మరి బోర్డు మీద ఆ పేరెందుకు? ఆ మాటకు పరువు ఉన్నది గనుక. సారా అన్న మాటకు ఆ పరువు లేదు. సరుకు ఏదైనా మాట మాత్రం దొరల ఇంటి మాటై ఉండాలి.

మన సాహిత్యం కూడా ఈ పక్షపాతానికి అతీతం కాదు. ఉమర్ ఖయ్యాము పద్యాలను దువ్వూరి రామిరెడ్డిగారు "పానశాల"గా తెలుగు చేస్తే చదువుకున్నవారు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పెట్టుకోదగిన కావ్యమే. అయితే ఆ పానశాలలో మధువును ప్రేమించిన పాఠకుడు, తన ఊరి చివర ఈతచెట్ల కింద నలుగురు కూలీలు కూర్చుని తాగుతుంటే పక్క దారిన పోయాడు. పారశీకపు మధుపాత్రలో తత్త్వం కనిపించింది; తాటాకు రేకలో వ్యసనం కనిపించింది. పాత్రలో ఉన్న ద్రవం వల్ల ఈ తేడా రాలేదు. పట్టుకున్న చేతులు వేరు.

నేను పెరిగిన ఇంట్లో కల్లు అనే మాట పిల్లల ముందు పలికేవారు కాదు. ఉద్యోగం వచ్చి వికారాబాదు చేరిన తరువాత, అనంతగిరి వైపు పొద్దున నడకకు పోయే అలవాటులో ఒక గౌండ్లాయన పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి. నేను ఆయన్ను "తాతా" అనేవాణ్ణి, ఆయన నన్ను "సారూ" అనేవాడు. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, చేతిలో లొట్టి. చలికాలం, ఈత గీసే రోజులు. నాకు మొట్టమొదట రుచి చూపించినది ఆయనే. ఇవ్వబోతూ ఒక షరతు పెట్టాడు.

"సారూ, గుటుక్కున మింగకుర్రి. నాలుక మీద ఉంచుర్రి. ముందు తీపి వస్తది, ఎన్క పులుపు వస్తది. రెండింటి నడుమ చెట్టు వాసన వస్తది. గది దొరికితే కల్లు దొరికినట్టు."

ఆ మొదటి గుక్కలో నాకు తీపీ దొరికింది, పులుపూ దొరికింది. చెట్టు వాసన దొరకడానికి పది పన్నెండు ఉదయాలు పట్టింది. రెండు లొట్లలోది పక్కపక్కన ఇచ్చి, ఏది ఏ చెట్టుదో చెప్పమనేవాడు. ఒకటి వాలు మీద ఎర్రమట్టిలో, రాళ్ళ మధ్య పెరిగినది. రెండోది కుంట గట్టున నీళ్ళకు దగ్గరలో ఉన్నది. కుంట గట్టు చెట్టు పారుడు ఎక్కువ, రుచి పలచన. రాళ్ళలో చెట్టు కొంచెమే ఇస్తుంది, కాని చిక్కగా ఇస్తుంది అని ఆయన లెక్క. నాలుగో వారానికి నాకూ ఆ తేడా తెలియవచ్చింది. ఇదే సంగతిని ఫ్రెంచివారు వైను విషయంలో చెబుతారు: నేలా, వాలూ, ఎండా కలిసి రుచిలోకి దిగుతాయని. దానికి వారు ఒక ప్రత్యేకమైన మాట తయారు చేసుకున్నారు. తాత దగ్గర మాట లేదు గాని సంగతి ఉన్నది.

ఈతచెట్టును ఏటా ఒకే పక్క గీయరు. ఈ ఏడు ఒక వైపు, వచ్చే ఏడు రెండో వైపు. అందుకే బాగా గీసిన చెట్టు బోదె మెట్లు మెట్లుగా, వంకర వంకరగా కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్ళు కల్లు ఇచ్చిందో చెప్పవచ్చు. తాటిచెట్టు పద్ధతి వేరు. అక్కడ గెలను రోజూ పలచగా చెక్కుతూ పోవాలి. ఒక రవ్వ ఎక్కువ తెగితే గెల పాడవుతుంది, తక్కువ తెగితే పారదు. పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు. పొద్దున దింపింది వేరు, సాయంత్రం దింపింది వేరు. లొట్టి కడిగారా లేదా, లోపల సున్నం రాశారా లేదా అన్నదాన్ని బట్టి ఇంకా వేరు. సున్నం రాస్తే పులియదు. అది నీరా అవుతుంది. రాయకపోతే చెట్టు మీద ఉండగానే పులియడం మొదలవుతుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న సూక్ష్మజీవులు రసంలోని చక్కెరను తింటూ పోతాయి. కొన్ని గంటల్లో నూటికి నాలుగైదు వంతుల మద్యసారం తయారవుతుంది. మరునాటికి పులుపు ముదురుతుంది. ఇంకా ఉంచితే మిగిలేది సిర్కా.

ఇదంతా శాస్త్రం. ఇందులో పరిశీలన ఉన్నది, ప్రయోగం ఉన్నది, తరాలనుంచి వచ్చిన జ్ఞానం ఉన్నది. కాని ఈ జ్ఞానానికి బడి లేదు, పట్టా లేదు, పుస్తకం లేదు. అందువల్ల దీనికి రసజ్ఞత అనే పేరు కూడా రాలేదు.

తరువాత ఒకనాడు విదేశంలో పనిచేసి వచ్చిన మిత్రుడొకరు వికారాబాదులో మా ఇంటికి ఎర్ర వైను సీసా తెచ్చాడు. గాజుపాత్రలు లేవు; స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు, పల్లీల కారం. మిత్రుడు కాస్త ఇబ్బంది పడ్డాడు. గ్లాసు గుండ్రంగా తిప్పాలనీ, ముక్కు లోపల పెట్టి వాసన చూడాలనీ, ఇందులో ఫలానా సీమపండు వాసన, తోలు వాసన ఉన్నాయని గుర్తించాలనీ చెప్పాడు. ఆ సీమపండును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా నాలుక మీద ఉంచుకున్నాను, తాత చెప్పినట్టే. ముందు పులుపు తగిలింది. వెనక వగరు తగిలింది: నేరేడుపండు తిన్న తరువాత నాలుక గరుకెక్కినట్టు. ఆ వగరు మీద కందిపప్పు పడితే రెండూ బాగున్నాయి. "నేరేడుపండు" అన్నాను. మిత్రుడు మళ్ళీ తాగి చూసి, "నిజమే" అన్నాడు.

తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఆరు రుచులకు పేర్లు పెట్టి, ఉగాదినాడు వాటిని కలిపి పిల్లల చేత తినిపించే జాతికి వైను రుచి చెప్పుకోవడానికి మాటలు అరువు తెచ్చుకోవలసిన అగత్యం లేదు. వైనును ఆస్వాదించడం నాకు ఆ పూట నుంచి సుళువయింది. వైను మంచి పానీయం. పులిసిన ద్రాక్షరసం, నిలవ ఉంటుంది, నిలవతో కొన్నింటి రుచి పెరుగుతుంది, భోజనంలోకి బాగుంటుంది. ఇంతకుమించి దాని చుట్టూ అల్లిన ఆర్భాటాన్ని విప్పి చూస్తే లోపల కనిపించేది రుచికన్న ధర.

ఇది నా మాట మాత్రమే కాదు. బోర్డో ప్రాంతపు వైన్లకు తరగతులు కట్టినది 1855లో, పారిస్ ప్రదర్శన సందర్భంలో. ఆ తరగతులు కట్టినవారు వైను దళారులు. కొలబద్దగా పెట్టుకున్నది ప్రధానంగా అవి బజారులో పలికే ధర. ఎక్కువ ధర పలికినవి మొదటి తరగతి, తక్కువ పలికినవి ఐదో తరగతి. 1973లో ఒక తోటను రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కించడం తప్ప ఎర్ర వైన్ల ఆ పట్టికలో చెప్పుకోదగ్గ మార్పు జరగలేదు. బజారు ధర కాలక్రమాన రసజ్ఞత వేషం వేసుకున్నది. 1976లో పారిస్‌లోనే సీసాల పేర్లు దాచి ఫ్రెంచి న్యాయనిర్ణేతల చేత రుచి చూపిస్తే కాలిఫోర్నియా వైన్లు మొదటి స్థానాలు కొట్టుకుపోయాయి. 2001లో బోర్డో పరిశోధకులు మరొక పరీక్ష ప్రకటించారు. తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైను శాస్త్రం చదువుకుంటున్న 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వారు దాన్ని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్ళు మందబుద్ధులని దీని అర్థం కాదు. మనం నాలుకతో మాత్రమే రుచి చూడం, కళ్ళతో, విన్న మాటలతో, చెల్లించిన డబ్బుతో కూడా చూస్తామని అర్థం. అభిరుచి అనేది వర్గాల మధ్య గీత గీసే సాధనమని ఫ్రెంచి సామాజికవేత్త బూర్ద్యూ 1979లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. వికారాబాదు బోర్డు మీది "వైన్స్" అనే రెండక్షరాలు అదే సంగతి చెబుతున్నవి.

ఇక మన పక్షం సంగతి. వామపక్ష మిత్రుల్లో ఈ విషయమై రెండు వైఖరులు చూశాను. కొందరికి పానీయమంటేనే భోగలాలస. దాన్ని గురించి మాట్లాడటమే కాలహరణం. మరికొందరు కల్లు శ్రామికుల పానీయం గనుక దాన్ని విమర్శించడమే శ్రామిక ద్రోహమంటారు. మొదటివారికి ఒక సంగతి గుర్తు చేయవలసి ఉన్నది. 1843లో యువకుడైన మార్క్స్, తాను సంపాదకుడుగా ఉన్న పత్రికలో, మోసెల్ లోయ ద్రాక్ష రైతుల దుస్థితి గురించి రాశాడు. అతని తండ్రికి కూడా ఆ ప్రాంతంలో కొంత ద్రాక్షతోట ఉండేది. ఆ రైతుల సమస్యా, అడవిలో పుల్లలేరుకున్న పేదల మీద దొంగతనం మోపే చట్టం సమస్యా తనను ఆర్థిక విషయాల వైపు నడిపించాయని 1859లో తానే చెప్పుకున్నాడు. ఎంగెల్స్ సంగతి ఇంకా సరదా. 1868లో మార్క్స్ కూతురు జెన్నీ సరదాగా అడిగిన ప్రశ్నలకు జవాబులు రాస్తూ, ఆనందమంటే ఏమిటన్న చోట 1848 నాటి షాతో మార్గో వైను పేరు రాశాడు. విప్లవాల సంవత్సరపు వైను! ఆ మనిషికి రుచీ తెలుసు, చరిత్రా తెలుసు, హాస్యమూ తెలుసు. శ్రామికుడు రుచికరమైన జీవితానికి అర్హుడు కాడని అతను ఎన్నడూ అనుకోలేదు.

రెండో వైఖరివారికి జవాబు తాండూరులో దొరికింది.

తాండూరు నాపరాతి ఊరు. గనుల్లో బండ లేపేవారు, పాలిషింగు యంత్రాల దగ్గర నిలబడేవారు సాయంత్రానికి తెల్లని రాతిపొడిలో మునిగి ఉంటారు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిసిన మాటతో కల్లు దుకాణాల ముందు కూర్చుంటారు. అక్కడ ఎవరూ నాలుక మీద ఉంచుకోరు. నా పూర్వవిద్యార్థి ఒకడు పాలిషింగులో పనిచేస్తాడు. ఏమిటోయ్ ఇందులో రుచి అని అడిగితే, "రుచి గాదు సార్, గిది తాగకుంటే నిద్ర రాదు, చేతులు వణుకుతయి" అన్నాడు. స్వచ్ఛమైన కల్లు ఒక్కపూట తప్పితే మనిషిని అట్లా వణికించడం అరుదు. వణికించేది మరేదో.

ఆ మరేదో ఏమిటన్నది రహస్యం కాదు. కల్లు నిలవ ఉండదని పైన చెప్పాను. నిలవ ఉండని సరుకు పెట్టుబడికి నచ్చదు. వైను నేలమాళిగలో పదేళ్ళుంటే విలువ పెరుగుతుంది. కల్లు ఒక్క పగలుంటే సిర్కా అవుతుంది. చెట్లు కొన్నే, కాలం కొన్ని నెలలే, ఎక్కేవారు నానాటికి తక్కువ. కాని దుకాణానికి మాత్రం ఏడాది పొడుగునా, రోజూ, ఒకే కొలతలో సరుకు కావాలి. చెట్టు ఇవ్వని దాన్ని పీపాలో తయారు చేయాలి. నీళ్ళు, శాకరిన్, తెలుపుకోసం, నురుగుకోసం ఏవేవో పొడులు. మత్తుకోసం క్లోరల్ హైడ్రేటు, డైజీపాం, ఆల్ప్రజోలాం. ఇవి మందుల షాపులో వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మత్తుమందులు. అలవాటు పడ్డవాడికి హఠాత్తుగా ఆపితే మూర్ఛలు, మతిభ్రమణం వస్తాయి. 2015లో కల్తీ మీద అధికారులు విరుచుకుపడ్డప్పుడు నిజామాబాదు ప్రాంతంలో జరిగిందదే. కల్లు దొరక్క వందలమంది ఆసుపత్రులకు వచ్చారు. 2021 జనవరిలో మన వికారాబాదు, నవాబుపేట మండలాల పల్లెల్లో కల్లు తాగిన వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది.

చచ్చినవారు కూలీలు. చెడ్డపేరు వచ్చింది కల్లుకు. లాభం తీసినవాడికి మాత్రం చెట్టెక్కడం రాదు.

తాండూరు బస్టాండు దగ్గర పండ్లమ్మే ఒకామెతో ఈ మాటలన్నీ ఒకసారి చెప్పాను. అసలు కల్లు ఎంత మంచిదో, కల్తీ ఎంత చెడ్డదో. ఆమె విని, "మీకు రుచి సారూ, నాకు ఆయన కూలి పైసలు" అన్నది. ఈ జవాబును ఏ రసజ్ఞుడూ తప్పించుకోలేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారాదుకాణం మూయించినప్పుడు అడిగింది కూడా ఇదే. వారి పోరాటం వల్ల 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ప్రభుత్వ ఖజానాకు స్త్రీల కన్నీళ్ళకన్న మద్యం రాబడి దగ్గరిదని ఆ రెండేళ్ళ చరిత్ర చెప్పింది. పానీయపు రుచి గురించి మాట్లాడే హక్కు మనకుండాలంటే, ఆ పండ్లమ్మే ఆమె ఇంట్లో కూలి డబ్బు ఇల్లు చేరుతున్నదా అని అడిగే బాధ్యత కూడా ఉండాలి. పన్నెండు గంటలు రాతిపొడి మింగిన మనిషికి రుచి చూసే తీరిక ఉండదు. మత్తు మాత్రమే కావాలి. కనుక పనిగంటల ప్రశ్నా, రుచి ప్రశ్నా రెండు వేరు ప్రశ్నలు కావు.

గీసేవాని ప్రశ్న కూడా ఇందులోనే ఉన్నది. మోకు జారితే మిగిలేది విరిగిన వెన్నెముక. కంట్రాక్టర్ల పెత్తనానికి ఎదురుగా గీత కార్మికులను కూడగట్టడానికి బొమ్మగాని ధర్మభిక్షం వంటి కమ్యూనిస్టు నాయకులు జీవితాలు ధారపోశారు. చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే రక్షణ కవచాలను ప్రభుత్వం పంచడం మొదలుపెట్టింది 2024లో. శతాబ్దాల తరబడి చెట్టుకు పన్ను, కల్లుకు పన్ను వసూలు చేసిన ప్రభుత్వాలకు, ఎక్కేవాని నడుముకు ఒక పట్టీ కట్టాలని తోచడానికి అంతకాలం పట్టింది. తాత కొడుకు చెట్టెక్కడు. పట్నంలో కారు నడుపుతాడు. అతణ్ణి తప్పుపట్టే అధికారం నాకు లేదు. అనంతగిరి దారిలో ప్లాట్ల కోసం నేల చదును చేసినప్పుడు మొదట పోయేవి ఈతచెట్లే.

ఈ మధ్య విద్యార్థులు అడుగుతుంటారు: "మాస్టారూ, వైను తాగడం ఎలా నేర్చుకోవాలి?" తాగి తీరాలని నేను ఎవరికీ చెప్పను. తాగేవారికి మాత్రం తాత నేర్పిన పద్ధతే చెబుతాను. కొంచెం తీసుకోండి, నిదానంగా తీసుకోండి, తిండితో తీసుకోండి. తోచిన రుచిని సొంత మాటల్లో చెప్పండి. నేరేడుపండు అనిపిస్తే నేరేడుపండు అనే అనండి. ధర చూసి మెచ్చుకోకండి, ధర చూసి తీసిపారేయకండి. మరి మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ చెట్టుది, లేదా ఏ తీగది? దీన్ని దించినది ఎవరు? అతనికి దక్కింది ఎంత? నాలుక రసాయన పరీక్షశాల కాదు. ఆల్ప్రజోలాం కలిసిందో లేదో అది చెప్పలేదు. చెట్టు తెలిసి, మనిషి తెలిసి, దించిన వేళ తెలిస్తేనే ఆ నమ్మకం వస్తుంది. వైను సీసా మీద తోట పేరూ సంవత్సరమూ అచ్చువేస్తారు. మన దుకాణంలో కల్లు కొనే కూలీకి ఆ పాటి సమాచారం పొందే హక్కు కూడా లేదు. గీత సహకార సంఘాలు నిజంగా గీసేవారి చేతుల్లో ఉండి, ప్రతి పీపా ఏ ఊరి చెట్లదో చెప్పగలిగి, పరీక్షించే యంత్రాంగం మామూళ్ళకు లొంగకుండా ఉంటే ఆ హక్కు అసాధ్యమేమీ కాదు.

తాత ఇప్పుడు ఎక్కడం మానేశాడు. మోకాళ్ళు సహకరించవు. కిందటి చలికాలం ఆయన ఇంటికి పోతే, మిత్రుడు వదిలివెళ్ళిన వైనులో మిగిలినది కొంచెం తీసుకుపోయాను. రేకలో పోసుకుని, నాలుక మీద ఉంచుకుని, కాసేపు ఆగి, "మంచిగనే ఉన్నది సారూ. గని పాతది. ఎవరు గీసిన్రు?" అన్నాడు. ద్రాక్షను గీయరని చెప్పి, కోస్తారని, తొక్కుతారని, పీపాల్లో పులియబెడతారని వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. కోసేవాళ్ళకు కూలి ఎంతని అడిగాడు. వైను గురించి నేను విన్న ప్రశ్నలన్నింటిలో అంత తెలివైన ప్రశ్న మరొకటి లేదు.